చంద్రుడు లేని రాత్రి కోసం కట్టిన ప్రభ

శివరాత్రి ఇంకా కొన్నాళ్లు ఉందనగానే కోటప్పకొండ చుట్టుపక్కల ఊళ్లకు వెళ్లాలి. తిరునాళ్లకు ఊరు కట్టి కొండకు తీసుకెళ్లే ఎత్తైన ప్రభ అప్పటికి సగమే అయి ఉంటుంది. ఇంకా బట్ట కట్టి ఉండరు, బల్బులు పెట్టి ఉండరు, దేవుడి బొమ్మ ఎక్కించి ఉండరు. నిలువు వాసాలూ అడ్డకర్రలూ కలిసిన గడుల చట్రం ఒక్కటే ఊరి ఇళ్ల పైకి లేచి కనిపిస్తుంది. దాని మొదట్లో నిలబడి తలెత్తితే ఒక్కో గడిలో ఒక్కో ఆకాశం. కింది గడుల్లో ఎండకు పాలిపోయిన తెలుపు, నడిమి గడుల్లో లేత నీలం, పైకి పోయే కొద్దీ నీలం చిక్కబడుతుంది. ఊరికే ఆకాశం చూసినప్పుడు ఈ తేడా కంటికి ఆనదు. గీతలు గీసి ముక్కలు చేసి చూపిస్తే తప్ప, ఇన్ని నీలాలు మన నెత్తి మీదే ఉన్నాయని తెలియదు.

కట్టేవాళ్లు ఆకాశం చూపించడానికి కట్టరు. కొండ మీది శివుడు కోటయ్యకు మొక్కుకున్నారు కాబట్టి కడతారు. పక్క ఊరి ప్రభ కంటే తమ ప్రభ ఒక మూర ఎత్తు ఉండాలని కూడా కడతారు. కానీ ఆరుబయట, ఆకాశాన్నీ వెలుగునూ వెంట పెట్టుకుని మనిషి చేసే పనుల్లో మా పల్నాటి సీమకు ఇంతకు మించినది లేదని నా నమ్మకం. తిరునాళ్ల సందడిలో ఒక భాగంగా చూసి వదిలేసే వస్తువు కాదు ఇది. పనితనంగా, దగ్గరికి వెళ్లి, ముడి ముడీ చూడాల్సిన కట్టడం.

వినుకొండ నుంచి నరసరావుపేట వైపు వెళ్లే దారిలో మాఘమాసం చివరికి పత్తి చేలు ఉత్త కట్టెలతో మిగులుతాయి. మిరప కల్లాలు మాత్రం నిండుగా ఉంటాయి. కోసిన కాయ నేల మీద ఎర్రగా పరుచుకుని ఎండుతుంటుంది, గాలికి ఘాటు రోడ్డు మీదికి వస్తుంది. పంట డబ్బు కొంత చేతికొచ్చి, కొంత రావాల్సి ఉండే రోజులవి. నరసరావుపేట దాటి పన్నెండు పదమూడు కిలోమీటర్లు పోతే కోటప్పకొండ. బ్రహ్మ, విష్ణు, రుద్ర శిఖరాలని మూడు శిఖరాలున్న కొండ కాబట్టి స్వామి త్రికోటేశ్వరుడు. ఎల్లమంద కోటయ్య అన్నా ఆయనే. 2022లో పల్నాడు జిల్లా ఏర్పడే దాకా వినుకొండా నరసరావుపేటా ఈ కొండా అన్నీ గుంటూరు జిల్లాలోవే. పురుషోత్తమపట్నం, కావూరు, మద్దిరాల, యడవల్లి వంటి ఊళ్ల పేర్లు చెప్పగానే మా వైపు వాళ్లకు ముందు గుర్తొచ్చేది ఆ ఊళ్ల ప్రభలే.

ఎత్తు సంగతి ముందు చెప్పాలి. పెద్ద ప్రభలు ఎనభై నుంచి నూరు అడుగుల దాకా ఉంటాయి. నూరడుగులంటే ముప్పై మీటర్లు, అంటే తొమ్మిది పది అంతస్తుల మేడ ఎత్తు. మేడకు పునాది ఉంటుంది, నాలుగు వైపులా గోడలుంటాయి. ప్రభకు లోతు దాదాపు లేదు. ఎత్తూ వెడల్పూ మాత్రమే ఉన్న పలక అది. పైగా కదిలే పలక. చక్రాల మీద నిలబడి, పొలాల నడుమ డొంకల మీదుగా, గోతుల్లో పడి లేస్తూ కొండ దాకా పోవాలి. ఇలాంటిది కట్టమని ఇంజనీరింగ్ విద్యార్థికి లెక్క ఇస్తే మొదట భయపడేది బరువు గురించి కాదు, గాలి గురించి.

ఆ లెక్క వేసి చూడండి. గంటకు 36 కిలోమీటర్ల వేగంతో వీచే గాలి, ఎదురుగా ఉన్న చదరపు మీటరు మీద దాదాపు ఆరు కిలోల బరువంత ఒత్తిడి పెడుతుంది. ముప్పై మీటర్ల ఎత్తు, అయిదు మీటర్ల వెడల్పు ఉన్న నిండు పలక అయితే మొత్తం తొమ్మిది వందల కిలోలు. ఆ తోపు నేల దగ్గర పడదు, సగటున పదిహేను మీటర్ల ఎత్తులో పడుతుంది. గాలి వేగం రెండింతలైతే ఒత్తిడి నాలుగింతలవుతుంది. నిండా బట్ట కట్టిన ప్రభ నేల మీద నడిచే తెరచాప. అందుకే బాగా కట్టిన ప్రభల్లో అంచుల దగ్గరా, బొమ్మకూ బొమ్మకూ మధ్యా గాలి పోవడానికి సందు వదిలి ఉంటుంది. ఆ ఖాళీలు చూసి బట్ట సరిపోలేదేమో అనుకునేవాళ్లుంటారు. ప్రభను నిలబెట్టేవి అవే. పగలు చూస్తే మళ్లీ ఆ సందుల్లోంచే ఆకాశం తొంగి చూస్తుంది.

పైకి పోయే కొద్దీ ప్రభ సన్నబడటం కూడా అందం కోసమే అనుకోవడం పొరపాటు. పైన గాలి ఎక్కువ, అక్కడ పలక తక్కువ ఉండాలి. కింద బరువు ఎక్కువ ఉండాలి. అందుకని అడుగున ఇనుప దిమ్మలో ఇసుక బస్తాలో వేస్తారు. ఇలా అవసరం కొద్దీ వచ్చిన ఆకారానికే మెట్టు మెట్టుగా రంగు గుడ్డలు కట్టి, నడుమ శివపార్వతుల బొమ్మ పెట్టి, కొసన కలశమో త్రిశూలమో నిలిపితే గోపురం పోలిక వచ్చింది.

నేను ఎక్కువసేపు నిలబడి చూసేది కట్లు. రెండు కర్రలు అడ్డంగా కలిసిన చోట ముందు ఐమూలగా తాడు చుడతారు. చుట్టు మీద చుట్టు పడకుండా, పక్క పక్కనే ఒద్దికగా. ఆ తర్వాత రెండు కర్రల నడుమ నుంచి తాడు పోనిచ్చి, ముందు వేసిన చుట్లనే నడుముకు పట్టి బిగిస్తారు. మొదటి చుట్లు కర్రల్ని దగ్గరికి తెస్తాయి, రెండో విడత చుట్లు ఆ పట్టును సడలనివ్వవు. కొస ఎక్కడ దాచారో వెతికితే గాని దొరకదు. ఒక్కో ప్రభలో ఇలాంటి కట్లు వందల్లో ఉంటాయి. రాత్రి దీపాలు వెలిగాక వీటిని చూసేవాడు ఉండడు. అయినా ఎనభై అడుగుల పైన, కాళ్లతో వాసాన్ని పెనవేసుకుని కట్టిన కట్టూ నేల మీద కూర్చుని కట్టిన కట్టూ ఒక్క తీరుగానే ఉంటాయి.

ఇప్పుడు ఇనుప గొట్టాలు, బోల్టులు వచ్చాయి. కొన్ని ప్రభలు పూర్తిగా ఇనుముతోనే లేస్తున్నాయి. క్రేన్లు వచ్చి నిలబెట్టే పని సులువైంది. కట్టేవాడి ప్రాణానికి భద్రత పెరిగితే అంతకంటే కావలసింది లేదు. కాని కర్రా తాడూ కలిసిన ప్రభకు ఒక గుణం ఉంది. చక్రం గోతిలో దిగినప్పుడు ఆ కుదుపు ఒక్కో కట్టు దగ్గర కొంచెం కొంచెంగా అరిగిపోతుంది. ప్రభ అంతా ఒకసారి ఒళ్లు విరుచుకున్నట్టు ఊగి, మళ్లీ తన నిలువుకు వస్తుంది. బిగుసుకుపోయిన ఇనుప చట్రంలో అదే కుదుపు ఎక్కడా ఆగకుండా పైనుంచి కిందికీ కింది నుంచి పైకీ పోతుంది. కట్టు తెలిసినవాడు ఇనుములో కూడా కొన్ని చోట్ల తాడే వాడతాడు. అది పాత అలవాటు వల్ల అని తీసిపారేయకూడదు.

ఇక వెలుగు. దానికంటే ముందు చీకటి గురించి చెప్పాలి, ఎందుకంటే ఈ పనికి అసలు సరుకు అదే.

మహాశివరాత్రి మాఘ బహుళ చతుర్దశి. అమావాస్యకు ముందు రాత్రి. సాయంత్రం సూర్యుడితో పాటే, ఇంకా చెప్పాలంటే సూర్యుడి కంటే ముందే, చంద్రుడు పడమట దిగిపోయి ఉంటాడు. తెల్లవారుజామున తూర్పున సన్నని గీతగా వస్తే వస్తాడు. అంటే రాత్రంతా ఆకాశంలో పోటీకి వచ్చే వెలుగు లేదు. శ్రీరామనవమి రాత్రికి వెన్నెల ఉంటుంది, కార్తీక పౌర్ణమికి నిండు చంద్రుడే ఉంటాడు. ఈ పండుగకు మాత్రం నల్లటి ఆకాశం రాసిపెట్టి ఉంది. నూరడుగుల దీపాల పలకను వెన్నెట్లో నిలబెడితే వెనక ఉన్న చట్రం, మోకులు, బండి అన్నీ కనబడతాయి. శివరాత్రి నాడు ఇవేవీ కనబడవు. దూరం నుంచి చూసేవాడికి నేలతో సంబంధం లేకుండా ఆకాశంలో వెలుగు ఒక్కటే నిలువుగా వేలాడుతుంది. కట్టినవాడు తాను కట్టినదాన్ని చీకటికి అప్పగిస్తాడు, చీకటి దాన్ని మింగి వెలుగును మాత్రం పైకి వదులుతుంది.

మరో సంగతి. శివరాత్రి రోజుల్లో రాత్రి ఎనిమిది గంటల ప్రాంతంలో, మా అక్షాంశం నుంచి చూస్తే, ఆరుద్ర నక్షత్రం దాదాపు నడినెత్తికి వస్తుంది. దక్షిణానికి కాస్త వాలి, ఎర్రగా మెరుస్తుంది. ఆరుద్రకు అధిదేవత రుద్రుడు. ప్రభలు బారులు తీరే వేళకు ఆ చుక్క సరిగ్గా వాటి పైనే ఉంటుంది. ఎవరూ ఏర్పాటు చేసినది కాదిది, పంచాంగం చేసిపెట్టినది. అన్ని దీపాల నడుమ కూడా ఆ చుక్క కనబడేంత కాంతి గలదే. ప్రభ కొసన చూపు ఆపకుండా ఇంకొంచెం పైకి జరిపితే చాలు.

కరెంటు రాకముందు తిరునాళ్ల వెలుగంటే దివిటీలు, తర్వాత పెట్రోమాక్స్ లైట్లు. అప్పటి ప్రభ పగటి వస్తువు. గుడ్డల రంగులే దాని శోభ. కరెంటు వచ్చాక ప్రభ రాత్రికి మారింది, దాని పనితనం కూడా రెండు చేతుల్లోకి పోయింది. చట్రం కట్టేవాళ్లు ఒకరు, లైటింగ్ కట్టేవాళ్లు ఇంకొకరు.

సీరియల్ సెట్టు అంటే మా ఊళ్లలో పసిపిల్లలకు కూడా తెలుసు. ఆరు వోల్టుల చిన్న బల్బులు నలభై దాకా ఒకే వరసలో కలిపితే ఇంటి కరెంటు 230 వోల్టులు వాటి మధ్య పంచుకుపోతుంది. ఒక్కటి మాడితే వరసంతా ఆరిపోతుంది. మాడినది ఏదో ఒక్కొక్కటే పరీక్షించుకుంటూ పోవాలి. ఆ వరసల్ని చెక్క చట్రాల మీద బొమ్మల ప్రకారం దిగ్గొట్టి, రంగు పూసిన బల్బులు పెట్టి, వాటిని నడిపించడం లైటింగ్ వాళ్ల విద్య. మొదట్లో ఈ నడక డ్రమ్ముతో వచ్చేది. కర్ర డ్రమ్ము మీద రాగి రేకులు ఒక పద్ధతిలో దిగ్గొడతారు. చిన్న మోటారు దాన్ని తిప్పుతుంది. రేకు వచ్చిన చోట కరెంటు తగిలి ఆ వరస వెలుగుతుంది, రేకు తప్పుకోగానే ఆరుతుంది. రేకు పొడవే వెలుగు పొడవు. ఏ వరస తర్వాత ఏది, ఎంతసేపు అన్నదంతా ఆ డ్రమ్ము మీద రేకుల్లో రాసి ఉంటుంది. చదువుతో పని లేకుండా చేత్తో రాసిన ప్రోగ్రామ్ అది. తర్వాత చిప్పులు వచ్చాయి, ఇప్పుడు ఎల్‌ఇడి పిక్సెళ్లూ వాటిని నడిపే కంట్రోలర్లూ వచ్చాయి. బెంగాల్‌లో చందన్‌నగర్ జగద్ధాత్రి పూజ దీపాలకు దేశమంతటా పేరుంది. పల్నాటి ప్రభలకు ఆ పేరు రాలేదు గాని, కదిలే కట్టడం మీద ఇంత ఎత్తున దీపాలు నడిపించడం ఇంకా కష్టమైన పని.

దీపం నిజంగా నడవదు. ఒకటి ఆరుతుంది, పక్కది వెలుగుతుంది. మధ్యలో వ్యవధి సరిగ్గా కుదిరితే వెలుగే పరుగెత్తినట్టు మన బుర్ర నమ్ముతుంది. 1912లో జర్మనీలో మాక్స్ వెర్తైమర్ ఈ భ్రమ మీద పరిశోధన ప్రచురించాడు. మన లైటింగ్ మేస్త్రీలు ఆ పరిశోధన చదవకుండానే మోటారు వేగం తగ్గిస్తూ పెంచుతూ ఆ వ్యవధిని కంటితో పట్టుకున్నారు. వేగం తక్కువైతే బల్బులు విడివిడిగా మిణుకుతాయి. ఎక్కువైతే అన్నీ ఒకేసారి వెలిగినట్టుంటుంది. ఆ రెంటికీ నడుమ ఉన్న ఇరుకు చోటులోనే గంగ జడలోంచి దూకుతుంది, చక్రం తిరుగుతుంది, పాము పడగ విప్పుతుంది.

ఎల్‌ఇడి వచ్చాక కరెంటు ఖర్చు తగ్గింది, వేడి తగ్గింది, రంగులు పెరిగాయి. ఒకటి మాత్రం పోయింది. పాత బల్బులో తీగ వేడెక్కి వెలుగుతుంది, కరెంటు ఆపినా చల్లారడానికి ఒక క్షణంలో కొంత భాగం పడుతుంది. ఆ ఆరీ ఆరని వెలుగు పక్క బల్బు వెలుగులో కలిసిపోయేది. అందుకే పాత ప్రభ మీద గంగ నిజంగా జారేది. ఎల్‌ఇడి టక్కున వెలిగి టక్కున ఆరుతుంది, గంగ మెట్లు దిగినట్టుంటుంది. మంచి పనివాళ్లు దీన్ని గమనించారు. ఆరేటప్పుడు వెలుగును ఒక్కసారిగా కోయకుండా అంచెలంచెలుగా తగ్గించేట్టు కంట్రోలర్‌లో పెట్టుకుంటున్నారు. ఏ ఊరి ప్రభ మీద అలా ఉందో కాసేపు నిలబడితే మీకే తెలుస్తుంది. చూడగానే కన్ను హాయిగా నిలిచేది అదే.

ఎక్కడ నిలబడి చూడాలన్నదీ ఈ పనిలో భాగమే. మనిషి కంటికి రెండు చుక్కలు విడివిడిగా కనబడాలంటే వాటి మధ్య కోణం ఒక డిగ్రీలో అరవయ్యో వంతైనా ఉండాలి. బల్బుకూ బల్బుకూ పది సెంటీమీటర్ల ఎడం ఉందనుకుంటే, దాదాపు మూడు వందల యాభై మీటర్ల దూరం దాటాక అవి కలిసిపోయి గీత అవుతాయి. అంటే ప్రభ కింద గుంపులో నిలబడినవాడు బల్బులు చూస్తాడు. రెండు చేలు అవతల గట్టు మీద నిలబడినవాడు బొమ్మ చూస్తాడు. కిలోమీటరు దూరంలో ఉన్న నూరడుగుల ప్రభ నిండు చంద్రుడి వెడల్పుకు మూడింతలకు పైగా ఎత్తు కనబడుతుంది. చంద్రుడు రాని రాత్రికి అది తక్కువ కొలత కాదు. ఊళ్లో నిలబెట్టి సరిచూసుకునేటప్పుడు అనుభవం ఉన్న మేస్త్రి ప్రభ దగ్గర ఉండడు. డొంక పట్టుకుని దూరంగా వెళ్లి నిలబడి, అక్కడి నుంచి కబురు చేస్తాడు.

అన్నిటికంటే మంచి ఘడియ పూర్తి చీకటి పడకముందే వస్తుంది. సూర్యుడు దిగాక అరగంట లోపల, ఆకాశం ఇంకా ముదురు నీలంలో ఉండగానే మొదటి వరసలు వెలిగిస్తారు. బల్బుల పసుపు పక్కన ఆ నీలం ఒక్కసారిగా లోతు పెరిగినట్టు ఉంటుంది. నిజానికి ఆకాశం మారలేదు, పక్కన పెట్టిన రంగు మారింది. ఈ సంగతినే జీవితమంతా పట్టుకుని పనిచేసిన కళాకారుడు అమెరికాలో ఉన్నాడు, జేమ్స్ టరెల్. 1943లో లాస్ ఏంజెలెస్‌లో పుట్టాడు. కప్పుకు కంత తీసి, ఆకాశాన్ని ఆ కంతలో చూపించే గదులు దేశదేశాల్లో కట్టాడు. మన తెలుగువాళ్లు చాలామంది ఉండే హ్యూస్టన్‌లోనే, రైస్ విశ్వవిద్యాలయంలో 2012లో ‘ట్విలైట్ ఎపిఫనీ’ అనే మండపం లేచింది. పచ్చిక మట్టిదిబ్బ మీద పలచని తెల్లటి కప్పు, దాని నడుమ పద్నాలుగు అడుగుల చదరపు ఖాళీ. పొద్దు పొడిచేటప్పుడూ కుంకేటప్పుడూ కప్పు మీద ఎల్‌ఇడి రంగులు మెల్లగా మారుతుంటే, ఖాళీలో కనబడే ఆకాశమే రంగు మారుతున్నట్టు తోస్తుంది. హ్యూస్టన్‌లో బిడ్డల దగ్గరికి వెళ్లే మా వైపు తల్లిదండ్రులు అది చూసి రావాలి. కోటప్పకొండ సాయంత్రాలు చూసిన కళ్లకు అది కొత్త భాషేమీ కాదు. టరెల్ మనిషిని కూర్చోబెట్టి, ఆకాశానికి కిటికీ పెట్టి, నిశ్శబ్దంగా చూడమంటాడు. మా వాళ్లు ఆకాశానికి ఎదురుగా వెలుగును నిలబెట్టి, వేల మంది అరుపుల మధ్య చూడమంటారు. రంగు పక్కన రంగు పెడితే కన్ను ఏం చేస్తుందో ఇద్దరికీ తెలుసు.

మన రాష్ట్రంలోనే కోనసీమ ప్రభలది ఇంకో దారి. కనుమ నాడు మొసలపల్లి దగ్గర జగ్గన్నతోటకు పదకొండు ఊళ్ల నుంచి ఏకాదశ రుద్రుల ప్రభలు వస్తాయి. అవి పగటి ప్రభలు. వెదురు చట్రానికి రంగురంగుల బట్టలు చుట్టి, మనుషులు భుజాల మీద మోసుకుని వరిచేలకు అడ్డం పడి పోతారు. గంగలకుర్రు ప్రభలు కౌశిక నీళ్లలో దిగి దాటే దృశ్యం చూసితీరాలి. 2023 గణతంత్ర దినోత్సవాన ఢిల్లీ కవాతులో ఆంధ్రప్రదేశ్ శకటం ఆ ప్రభల తీర్థమే. అక్కడ పచ్చటి నేల వెనక తెర, భుజం మోయగలిగినంతే కొలత. ఇక్కడ మెట్ట నేల, విశాలంగా తెరిచిన ఆకాశం, అడ్డం వచ్చే కొబ్బరిచెట్టు లేదు. కాబట్టి ప్రభ నిలువుగా పెరిగింది.

ప్రభ ఊరు కదిలే రోజు మరో పనితనం బయటపడుతుంది. పూర్వం ఒంగోలు ఎడ్ల జతలు లాగేవి, ఇప్పుడు ఎక్కువగా ట్రాక్టర్లు. నిలబెట్టేది మాత్రం ఈనాటికీ మోకులే. పైనుంచి నాలుగు వైపులా దిగిన మోకుల్ని మనుషులు పట్టుకుని నడుస్తారు. మోకు ఎంత దూరంగా, ఎంత ఏటవాలుగా ఉంటే అంత పట్టు. నిటారుగా దిగితే లాగినా ఫలితం తక్కువ. మైదానంలో బాగానే ఉంటుంది. ఊరి సందులోకి వచ్చేసరికి పక్క మోకులవాళ్లకు గోడలు అడ్డం వస్తాయి, వాళ్లు ప్రభ మొదటికి దగ్గరవుతారు, పట్టు తగ్గుతుంది. అప్పుడు ముందూ వెనకా మోకుల మీద భారం పడుతుంది. కొందరు మిద్దెలెక్కి అక్కడి నుంచి పట్టుకుంటారు. “వదులు బావా, వదులు”, “అన్నా, ఇటు లాగు” అన్న రెండు మాటల మీద నూరడుగుల కట్టడం మలుపు తిరుగుతుంది. ఏ మోకు ఎప్పుడు వదలాలో తెలియడం లాగడం కంటే పెద్ద విద్య. ఒక పక్క లాగేవాడి బలం, ఎదుటి పక్క వదిలేవాడి తూకం మీద ఆధారపడి ఉంటుంది.

దారికి అడ్డంగా కరెంటు తీగలుంటాయి. ప్రభలు వచ్చే దారుల్లో విద్యుత్ శాఖవాళ్లు సరఫరా ఆపి తీగలు దించుతారు, దాటాక మళ్లీ ఎక్కిస్తారు. ఆ కాసేపు ఇళ్లలో చీకటి. ప్రభ మీది దీపాలు తన వెంట వచ్చే జనరేటరుతో వెలుగుతుంటాయి. చీకటి వీధుల్లోంచి జనం అరుగుల మీదికి వచ్చి నిలబడతారు. “చేదుకో కోటయ్యా చేదుకో” అన్న కేక ఒక అరుగు నుంచి ఇంకో అరుగుకు పాకుతుంది. వెలుగును చూపించడానికి ఊరంతా దీపాలార్పినట్టు అయ్యే ఆ పది నిమిషాలు కొండ కింద చూసే దానికంటే నాకు ఎక్కువ.

కొండ కింద ప్రభలన్నీ చేరాక పోటీ మొదలవుతుంది. ప్రతి ప్రభ ముందూ వేదిక, పాటలు, డ్యాన్సులు, మైకు మీద మైకు. ఇటీవల పార్టీల జెండాలు, నాయకుల ఫ్లెక్సీలు దేవుడి బొమ్మ స్థానానికి పాకుతున్నాయి. ఇది నాకు నచ్చదు. ప్రభ మీద వేసే ప్రతి నిండు ఫ్లెక్సీ ఒక గాలి సందును మూసేస్తుంది. దాని మీద వేసే ఫ్లడ్ లైటు బల్బుల బొమ్మను కడిగేస్తుంది. కట్టినవాడి లెక్క చెడగొట్టే హక్కు చందా ఇచ్చినవాడికి ఉండకూడదు.

ఆ గుంపులోంచి తప్పుకుని ప్రభ వెనక్కి వెళ్లాలి. చాలామంది వెళ్లరు. అక్కడ దీపాలుండవు, వాటి వీపులుంటాయి. కట్లు, అడ్డకర్రలు, వరస తర్వాత వరసగా దిగిన వైర్లు, ఏ వైరు ఏ గడిదో తెలియడానికి కట్టిన రంగు గుడ్డ పీలికలు. ముందు వెలిగే బొమ్మ అంచు వెనక్కి ఒలికి చట్రాన్ని సన్నగా గీస్తుంది. పగలు ఊళ్లో నీలాలు చూపించిన గడులే ఇప్పుడు నల్లగా, ఒక్కో దాంట్లో ఒకటీ రెండూ చుక్కలతో ఉంటాయి.

వినుకొండలో 1895లో పుట్టిన గుర్రం జాషువా 1941లో ‘గబ్బిలం’ రాశాడు. గుడిలోకి అడుగుపెట్టనివ్వని మనిషి, గుడి చూరులో వేలాడగలిగే గబ్బిలంతో కాశీలో శివుడికి కబురు పంపుతాడు అందులో. ఆ కావ్యం గుర్తొచ్చినప్పుడల్లా ప్రభ గురించి ఒక సంగతి తోస్తుంది. శివుడి కోసం మా సీమలో చేసిన పెద్ద పని గర్భగుడి లోపల లేదు. చేలల్లో, ఆకాశం కింద, నాలుగు దిక్కులకూ కనబడేట్టు ఉంది. ఎవరు ఎక్కడ నిలబడాలో మనుషులు గీసిన గీతలు ఆ రోజుల్లో తిరునాళ్లలోనూ ఉండే ఉంటాయి. కానీ రెండు మైళ్ల అవతల గుడిసె ముందు మంచం మీద కూర్చున్నవాడి దాకా ఆ వెలుగు పోతుంది. దాన్ని ఆపే తలుపు కట్టడం ఎవరికీ చేతకాలేదు.

కోటిన్నొక్క ప్రభలు వస్తే కోటయ్య కొండ దిగి వస్తానన్నాడని, ఏటా లెక్కకు ఒకటి తగ్గుతుందని ఈ వైపు నమ్మకం. ఆ తగ్గిన ఒక్కదాని కోసమే మరుసటి ఏడు మళ్లీ వాసాలు తెస్తారు.

చూడాలనుకునేవాళ్లకు నా మాట ఇది. శివరాత్రి నాడు నేరుగా కొండకు పోవద్దు. ముందు రోజుల్లో ఏదో ఒక ఊరికి పగటిపూట వెళ్లి, చట్రం కింద నిలబడి కట్లు చూడండి. పైకెక్కి పనిచేస్తున్నవాళ్లను పలకరించకండి, దిగాక మాట్లాడండి. పండుగ నాడు పొద్దు కుంకకముందే రోడ్డు వదిలి, ప్రభ వచ్చే దారికి అరకిలోమీటరు ఎడంగా చేను గట్టు పట్టుకోండి. మిరపచేను అయితే రైతును అడిగి దిగండి, కోతలు ఇంకా అయి ఉండవు. మొదటి వరస వెలిగే దాకా కదలొద్దు. తెల్లవారాక గుడ్డలు విప్పే వేళకు కూడా ఉండగలిగితే ఉండండి. లైటింగ్ చట్రాలు లారీ ఎక్కి ఇంకో తిరునాళ్లకు పోతాయి. మోకులు చుట్టలు చుట్టి ఊళ్లో భద్రపరుస్తారు. పాడైన కర్రలు పక్కన పడేసి, గట్టివి ఏరి, పై ఏటికి పనికొచ్చేవి ఏవో మేస్త్రి అక్కడే చేత్తో తట్టి చూసి చెబుతాడు.